పేదవాడి గుమ్మం దగ్గరికి న్యాయం – భాగ్యరెడ్డి వర్మ జీవితం



మన హాస్టళ్లలో హాలు గోడ మీద వరసగా పటాలు ఉంటాయి. మధ్యలో డాక్టర్ అంబేద్కర్, పక్కన జ్యోతిరావు ఫూలే, సావిత్రీబాయి, బాబూ జగ్జీవన్ రామ్. ఏప్రిల్ నెల వచ్చిందంటే దండలు వేస్తాం, ఉపన్యాసాలు చెబుతాం, వ్యాసరచన పోటీలు పెడతాం. కానీ అదే గోడ మీద ఉండవలసిన ఇంకొక పటం చాలా హాస్టళ్లలో కనబడదు. ఆయన మన తెలుగువాడు. ఈ బెజవాడ గడ్డ మీద నిలబడి మన పూర్వీకులను పిలిచే పిలుపునే మార్పించినవాడు. పేదవాడి తగవు పేదవాడి గుమ్మం దగ్గరే, డబ్బు ఖర్చు లేకుండా, నలుగురి ఎదుట తీరాలని పూనుకున్నవాడు. ఆయనే మాదరి భాగ్యరెడ్డి వర్మ.

ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితం గురించి నాలుగు మాటలు రాయాలనుకోవడానికి కారణం ఉంది. మనలో చాలామంది ఇళ్లలో కోర్టు అనే మాట వినబడితే భయం. వకీలుకు డబ్బు ఎక్కడిది, వాయిదాలకు కూలి మానుకుని ఎవరు తిరుగుతారు అని పెద్దవాళ్లు నోరు మూసుకుంటారు. అందుకే పొలం గట్టు తగాదా దగ్గర నుంచి కూలి బకాయి దాకా ఓడిపోవడం మనకు అలవాటయింది. ఈ అలవాటు మీద వంద సంవత్సరాల క్రితమే పోరాడిన మనిషి కథ మనకు తెలిసి ఉండాలి.

బాల్యం

భాగ్యరెడ్డి వర్మ 1888 మే 22న హైదరాబాద్‌లో ఒక పేద మాల కుటుంబంలో పుట్టారు. తల్లి రంగమాంబ, తండ్రి వెంకయ్య. తల్లిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. ఆ ఇంటికి వచ్చే గురువు ఒకరు ఆ పేరును భాగ్యరెడ్డి అని మార్చారు. రెడ్డి అనే మాట రేడు అనే మాట నుంచి వచ్చిందనీ, రేడు అంటే పాలకుడనీ, ఈ నేలకు ఒకప్పుడు పాలకులుగా ఉన్నవారే తర్వాత అంటరానివారుగా తోసివేయబడ్డారనీ ఆయన నమ్మకం. చరిత్రకారులు ఆ మాటను ఎలా చూసినా, ఆ పిల్లవాడి మనసులో అది గట్టిగా నాటుకుంది. తలవంచుకుని పుట్టలేదు, తల వంచబడింది అన్న ఆలోచన ఆయనను జీవితాంతం నడిపింది. వర్మ అనే బిరుదు ఆ తర్వాత 1913లో ఆర్యసమాజం వారు ఆయన సేవను గుర్తించి ఇచ్చినది.

ఇంట్లో పేదరికం. చిన్న వయసులోనే పనికి వెళ్లవలసి వచ్చింది. డాస్ శాంటోస్ అనే బారిస్టరు ఇంట్లో పనికి కుదిరారు. మనలో చాలామంది అమ్మలు, నాన్నలు ఇతరుల ఇళ్లలో పని చేసినవారే కాబట్టి ఆ జీవితం ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే ఆ ఇల్లు ఆయనకు బడి కూడా అయింది. చదువుకోవడానికి అక్కడ ప్రోత్సాహం దొరికింది. పెద్ద కాలేజీ చదువు లేకపోయినా పుస్తకాలు చదవడం, నలుగురిలో మాట్లాడడం, అర్జీ అంటే ఏమిటో, చట్టం అంటే ఏమిటో తెలుసుకోవడం అలవడ్డాయి. న్యాయశాస్త్రం పట్టా లేని మనిషి న్యాయం గురించి అంతగా ఆలోచించడం వెనుక ఆ ఇంటి గాలి కొంత ఉందనుకోవడం తప్పు కాదు.

మాట నుంచి సంఘం దాకా

1906లో, అంటే పద్దెనిమిదేళ్ల వయసులో, ఆయన జగన్మిత్ర మండలి అనే సంఘాన్ని స్థాపించారు. మన ఇంటర్ చదివే పిల్లల వయసు అది! మొదట ఆయన ఎంచుకున్న పని చాలా చిన్నదిగా కనబడుతుంది. బస్తీలకు వెళ్లి హరికథలు చెప్పించడం, భజనలు, ఉపన్యాసాలు. చదువురాని జనానికి కరపత్రం పనికిరాదు, కథ పనికివస్తుంది. తాగుడు మానండి, బాల్యవివాహాలు మానండి, పిల్లలను బడికి పంపండి అని ఆ కథల మధ్యలోనే చెప్పారు. తన జీవితకాలంలో మూడు వేలకు పైగా ఉపన్యాసాలు ఇచ్చారని ఆయన జీవిత చరిత్రలు చెబుతున్నాయి.

1911లో ఆ సంఘం మన్య సంఘంగా మారింది. ఆ తర్వాత 1920ల మొదట్లో ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. పేర్లు ఎందుకు మార్చారు అని మనకు అనిపించవచ్చు. ప్రతి పేరు వెనుక పని పెరిగింది. మొదట స్నేహితుల మండలి, తర్వాత ఒక జాతి గౌరవం కోసం సంఘం, చివరకు సేవ చేసే వ్యవస్థ. ఇళ్లలో పనిచేసే నౌకర్ల కోసం కూడా 1916లో ఒక సంఘం ఏర్పాటు చేశారు. ఇళ్లలో పనిచేసేవారికి సంఘం కావాలన్న ఆలోచన ఈనాటికీ మన నగరాలలో పూర్తిగా సాగని ఆలోచన.

1910 నుంచి ఆయన పాఠశాలలు ప్రారంభించారు. ఆనాటి హైదరాబాద్ రాజ్యంలో ప్రభుత్వ వ్యవహారం ఉర్దూలో. మన పిల్లలకు ఇంట్లో తెలుగు తప్ప మరొకటి రాదు. అందుకని ఆయన బడులు తెలుగులో నడిచాయి. క్రమంగా అవి 25కు పైగా కేంద్రాలకు పెరిగాయి. దాదాపు 2,500 మంది పిల్లలు వాటిలో చదివారు. తర్వాతి కాలంలో నిజాం ప్రభుత్వం ఆ బడుల బాధ్యత తీసుకుంది. ప్రభుత్వం చేయవలసిన పనిని ముందు సంఘం చేసి చూపించడం, తర్వాత ప్రభుత్వం చేత చేయించడం - ఇది ఆయన పద్ధతి. మనం ఈ రోజు తింటున్న హాస్టల్ అన్నం వెనుక కూడా ఇటువంటి మనుషుల చెమట ఉంది.

దేవదాసి, జోగిని, మురళి వంటి పేర్లతో మన ఆడపిల్లలను దేవుడికి వదిలేసే దురాచారం మీద కూడా ఆయన గట్టిగా పోరాడారు. ఆ ఆచారాన్ని నేరంగా చూడాలని నిజాం ప్రభుత్వాన్ని కోరారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇది ఇంట్లో సర్దుకునే గొడవ అని ఆయన అనలేదు, చట్టం కావాలని అన్నారు. ఏ విషయం సంఘంలో తీర్చుకోవాలి, ఏ విషయానికి చట్టాన్ని పిలవాలి అన్న వివేకం ఆయనకు మొదటి నుంచీ ఉంది.

బస్తీ పంచాయతీలు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

హైదరాబాద్ రాజ్యంలో 1884 నుంచి కోర్టుల భాష ఉర్దూ. దావా వేయాలంటే రుసుము, రాయించాలంటే అర్జీలు రాసేవాడికి డబ్బు, వాదించాలంటే వకీలుకు ఫీజు. తన కేసులో ఏమి రాశారో తనకే అర్థం కాని భాష. ఇక మన డెల్టా ఉన్న బ్రిటిష్ ఆంధ్ర ప్రాంతంలో పరిస్థితి ఏమంత మెరుగు కాదు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 33వ ఆర్డరు ప్రకారం కోర్టు రుసుము కట్టలేని నిరుపేద, రుసుము లేకుండా దావా వేసుకోవచ్చు. కానీ వాదించే వకీలును ఇచ్చే ఏర్పాటు అందులో లేదు. అటువంటి పేదవాడికి కోర్టే ఒక వకీలును కేటాయించవచ్చు అన్న నిబంధన 1976 సవరణతో గానీ రాలేదు. అంటే తలుపు తెరిచారు గానీ లోపలికి నడిపించే చెయ్యి రావడానికి 68 సంవత్సరాలు పట్టింది.

ఇటువంటి కాలంలో పేద బస్తీలలో తగవులు ఎక్కడ తీరేవి? కుల పంచాయతీలలో, చావడి దగ్గర. భార్యాభర్తల గొడవ, అప్పు, పంపకం, పెళ్లి మాట తప్పడం అన్నీ అక్కడికే వచ్చేవి. అది దగ్గరి న్యాయం, మన భాషలో న్యాయం. కానీ అందులో చెడ్డ కూడా ఉంది. పెద్దరికం వంశపారంపర్యం. తప్పు చేసినవాడికి వేసిన జరిమానా కల్లుకూ, విందుకూ పోయేది. పెద్దలను మంచి చేసుకున్నవాడిదే గెలుపు. ఓడినవాడు వెలి. ఆడవాళ్ల మాటకు విలువ తక్కువ. పల్లెల్లో పెరిగిన మనకు ఈ చిత్రం కొత్తది కాదు.

భాగ్యరెడ్డి వర్మ ఈ పంచాయతీలను తీసిపారేయలేదు. బాగుచేయాలని చూశారు. ఆది హిందూ పంచాయతీ కోర్టులుగా వాటిని మళ్లీ కట్టుదిట్టం చేశారు. హైదరాబాద్ బస్తీలలో స్థానిక పంచాయతీలు, వాటిపైన ఒక కేంద్ర పంచాయతీ ఉండేలా ఏర్పాటు చేశారు. పేదవారు తమ తగాదాలకు సర్కారు కోర్టుల చుట్టూ తిరిగి ఉన్నదంతా పోగొట్టుకోకుండా తమ వారి మధ్యనే తీర్చుకోవాలన్నది ఆయన ఆశయం. శుభకార్యాలలో, పంచాయతీలలో మద్యం వద్దని ఆయన చేసిన ప్రచారాన్ని ఈ పనితో కలిపి చూడాలి. పంచాయతీలో సారా ఆగితే తప్ప పంచాయతీలో న్యాయం నిలబడదు. జరిమానా ఎక్కడికి పోతుందో జనానికి తెలిస్తే తప్ప జనం నమ్మరు.

మిత్రులారా, ఒక సేవా సంస్థను నడపడం అంటే ఇదే. మంచి మనసు ఒక్కటే చాలదు. తీర్పు చెప్పే కుర్చీలో ఎవరు కూర్చోవాలి, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది, తీర్పు నచ్చనివాడు ఎవరి దగ్గరికి వెళ్లాలి - ఈ మూడు ప్రశ్నలకు జవాబు ఉన్న సంఘమే పేదవాడికి పనికివస్తుంది. జవాబు లేని సంఘం పాత చావడికి కొత్త రంగు వేసినట్టే. స్థానిక పంచాయతీపైన కేంద్ర పంచాయతీ పెట్టడంలోనే మూడో ప్రశ్నకు ఆయన జవాబు ఉంది.

బెజవాడ, 1917 నవంబరు

ఆయన పేరు మన కృష్ణా డెల్టాతో ఎప్పటికీ ముడిపడిపోవడానికి కారణం 1917 నవంబరు 4, 5, 6 తేదీలలో బెజవాడలో జరిగిన మహాసభ.

ఆనాటి బెజవాడను ఒకసారి ఊహించుకోండి. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారాయి, డెల్టా అంతా వరి మాగాణి అయింది. 1889లో నిజాం రైలు మార్గం బెజవాడకు చేరింది. మద్రాసు, హైదరాబాద్, కలకత్తా దారులు ఇక్కడ కలిశాయి. నీళ్లు వచ్చాయి, రైళ్లు వచ్చాయి, డబ్బు వచ్చింది. కానీ ఆ పొలాలలో నాట్లు వేసి, కోతలు కోసినవారికి ఊరి మంచినీళ్ల బావి దగ్గరికి వెళ్లే హక్కు రాలేదు. పాలేరుతనం పోలేదు. బడిలో కూర్చోవడానికి చోటు దొరకలేదు.

అదే 1917 ఆగస్టులో ఇండియాకు క్రమంగా స్వపరిపాలన ఇస్తామని భారత మంత్రి మాంటేగు ప్రకటించారు. రాబోయే సంస్కరణలలో ఎవరి వాటా ఎంత అన్న చర్చ దేశమంతా మొదలైంది. అప్పుడు మాట్లాడకపోతే మన గురించి ఇతరులే మాట్లాడతారు. గుడివాడ ప్రాంతంలో దళిత పిల్లల చదువు కోసం పాటుపడిన గూడూరు రామచంద్రరావు వంటి సంస్కర్తలు పూనుకుని ప్రథమ ఆంధ్ర ప్రాంతీయ పంచమ మహాసభ పేరుతో సభ ఏర్పాటు చేశారు. అధ్యక్షుడిగా హైదరాబాద్ నుంచి భాగ్యరెడ్డి వర్మను పిలిచారు. అప్పటికి ఆయన వయసు 29. సభ జరిగింది మైలవరం నాటకశాలలో.

ఆ సభ జరిగిన రోజుల్లో, సభకు వచ్చినవారు గుడిలోకి వస్తారేమోనన్న భయంతో కొండ మీద కనకదుర్గ ఆలయం తలుపులు మూశారని చరిత్ర చెబుతోంది. కొండ కింద కాలువ కూలీల బిడ్డలు తమ భవిష్యత్తు గురించి మాట్లాడుకుంటుంటే, కొండ పైన తలుపులు మూసుకున్నాయి. ఈ రోజు మనం అదే ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కుతున్నప్పుడు ఈ సంగతి ఒక్కసారి గుర్తుకు తెచ్చుకోవాలి.

అధ్యక్ష స్థానంలో కూర్చున్న భాగ్యరెడ్డి వర్మ మొట్టమొదట పట్టుకున్నది సభ పేరునే! పంచములు అన్న మాట ఏ పురాణంలోనూ, ఏ శాస్త్రంలోనూ లేదనీ, వర్ణాలు నాలుగే అని చెప్పి అయిదో వర్ణాన్ని ఎవరు పుట్టించారనీ, ఈ నేలకు మొదటి బిడ్డలైనవారిని ఆ పేరుతో పిలవడం అవమానమనీ వాదించారు. సభికులు ఒప్పుకున్నారు. పంచమ మహాసభగా మొదలైన ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. పెట్టిన పేరు తీసివేసి, తమ పేరు తాము పెట్టుకున్నారు. ఇది ఆనాటి తెలుగునాట ఎంత పెద్ద సంగతో ఇప్పుడు ఊహించడం కష్టం.

కానీ ఆ సభ పేరు మార్చుకుని ఇంటికి పోలేదు. తీర్మానాలు చేసింది. మద్రాసు శాసనమండలిలోనూ, జిల్లా, తాలూకా, మునిసిపల్ సంస్థలలోనూ తమ వారిని నియమించాలని కోరింది. తమ పిల్లలకు బడులు, తమ వాడలకు బావులు కావాలని కోరింది. గమనించండి: గౌరవం గురించిన తీర్మానం ఒకటైతే, మంచినీళ్ల గురించిన తీర్మానం ఇంకొకటి. ఒకటి లేకుండా రెండోది నిలవదని ఆయనకు తెలుసు.

ఫలితం వెంటనే రాలేదు. అయితే వృథా కూడా కాలేదు. 1922లో మద్రాసు ప్రభుత్వం తన కాగితాలలో పంచమ, పరయ వంటి పేర్లకు బదులు ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అన్న పేర్లు వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. నిజాం రాజ్యంలో 1931 జనాభా లెక్కలలో ఆది హిందువులు అన్న పేరు నమోదయింది. బెజవాడ సభ తర్వాత సుమారు రెండు దశాబ్దాల పాటు ఆది ఆంధ్ర మహాసభలు కోస్తా జిల్లాలలోని ఊళ్లలో జరుగుతూ వచ్చాయి. మన తాతల, ముత్తాతల తరంలో బడి ముఖం చూసినవారు ఎందరో ఆ సభల గాలి పీల్చినవారే.

లక్నో దాకా

ఆయన పని తెలుగునాటికే పరిమితం కాలేదు. 1930 సెప్టెంబరులో లక్నోలో జరిగిన అఖిల భారత ఆది హిందూ మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. లండన్‌లో జరగబోయే రౌండ్ టేబుల్ సమావేశంలో అణగారిన వర్గాల తరఫున మాట్లాడడానికి డాక్టర్ అంబేద్కర్ తగినవారని ఆ సభ మద్దతు పలికింది. వయసులో తనకంటే మూడేళ్లు చిన్నవాడైన ఒక న్యాయవాదిని ముందుకు పంపి, తాను వెనుక నిలబడడం చిన్న విషయం కాదు. నాయకత్వం అంటే ఎప్పుడూ ముందు కుర్చీలో కూర్చోవడమే అనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

1931లో భాగ్యనగర్ అనే పత్రిక నడిపారు. సంఘం పనులు జనానికి చెప్పడానికి, జనం బాధలు సర్కారుకు వినిపించడానికి పత్రిక ఒక సాధనమైంది. హైదరాబాద్ చాదర్‌ఘాట్ ప్రాంతంలోని ఆది హిందూ భవన్ ఆయన పనికి కేంద్రంగా నిలిచింది. బుద్ధుని బోధల మీద ఆయనకు ఎంతో ఇష్టం. అంబేద్కర్ బౌద్ధం స్వీకరించడానికి చాలా ఏళ్ల ముందే హైదరాబాద్‌లో బుద్ధ జయంతి జరిపిన మనిషి ఆయన.

ఒక లోటు కూడా చెప్పుకోవాలి

మహనీయుల జీవితం రాసేటప్పుడు మంచి మాత్రమే రాసి ఊరుకుంటే చదివినవాడికి ప్రయోజనం ఉండదు. ఆయన సంఘాలు ఆయన ఉన్నన్నాళ్లూ బలంగా ఉన్నాయి. కానీ క్రమంగా విభేదాలు వచ్చాయి. అరిగె రామస్వామి వంటి మరికొందరు నాయకులు వేరే సంఘాలుగా పనిచేశారు. మాదిగ సోదరులు అరుంధతీయుల పేరుతో తమ సంఘం తాము పెట్టుకున్నారు. ఎవరిది తప్పు అని ఈ రోజు మనం తీర్పు చెప్పనక్కరలేదు. అయితే ఒక పాఠం మాత్రం తీసుకోవాలి. అందరి కోసం పెట్టిన సంఘంలో కొందరికైనా ఇది మాది కాదు అనిపిస్తే, ఆ సంఘం చెప్పే న్యాయం ఎంత మంచిదైనా వారికి న్యాయంగా కనబడదు. కమిటీలో ఎవరు కూర్చున్నారన్నది కమిటీ ఏమి చేసిందన్న దానికంటే తక్కువ విషయం కాదు. ఒకే గదిలో పక్కపక్కన పెట్టెలు పెట్టుకుని చదివిన మనకు ఈ మాట ఇంకా బాగా అర్థం కావాలి.

1939 ఫిబ్రవరి 18న భాగ్యరెడ్డి వర్మ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 50 సంవత్సరాలు మాత్రమే. తర్వాతి కాలంలో ఆయన కుమారుడు గౌతమ్ తండ్రి జీవితాన్ని గ్రంథస్థం చేశారు.

ఆయన కల ఈ రోజు ఎక్కడుంది?

ఆయన పోయిన పదకొండేళ్లకు రాజ్యాంగం వచ్చింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1976లో 42వ సవరణతో 39-ఎ అధికరణం చేరింది. డబ్బు లేదన్న కారణంతో ఏ పౌరుడికీ న్యాయం దూరం కాకూడదనీ, ప్రభుత్వం ఉచిత న్యాయ సహాయం అందించాలనీ అది చెబుతుంది. 1987లో పార్లమెంటు న్యాయ సేవా అధికార సంస్థల చట్టం చేసింది. అది 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. అందుకే ఏటా నవంబరు 9ని న్యాయ సేవా దినంగా జరుపుతారు.

ఆ చట్టంలో 12వ సెక్షన్‌ను మన హాస్టల్ విద్యార్థులు ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. షెడ్యూల్డ్ కులాలు, షెడ్యూల్డ్ తెగల వారికి, మహిళలకు, పిల్లలకు, వికలాంగులకు, వెట్టిచాకిరీ బాధితులకు, కార్మికులకు, నిర్బంధంలో ఉన్నవారికి ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. వీరికి ఆదాయ పరిమితితో పనిలేదు. కుల దౌర్జన్యానికీ, వరదకూ, పెద్ద విపత్తుకూ గురైనవారు కూడా ఇందులోకి వస్తారు. 1977 దివిసీమ ఉప్పెన, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద తెలిసిన మన ప్రాంతానికి ఈ మాట ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

ఈ సంస్థ ఎలా నడుస్తుందో చూస్తే, భాగ్యరెడ్డి వర్మ పంచాయతీల దగ్గర మనం వేసుకున్న మూడు ప్రశ్నలకు జవాబు కనబడుతుంది. జిల్లా స్థాయిలో ఛైర్మన్ జిల్లా జడ్జి. రాష్ట్ర స్థాయిలో పెద్ద దిక్కు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. న్యాయవాది ఫీజు కక్షిదారు కాదు, సంస్థ చెల్లిస్తుంది. లెక్కలను కాగ్ తనిఖీ చేస్తుంది. అంటే కుర్చీలో కూర్చున్నవారు జవాబు చెప్పవలసినవారు, డబ్బు దారి తెలిసినది, పైన ఇంకొక మెట్టు ఉన్నది. పుస్తకంలో ఉన్న ఈ ఏర్పాటు ప్రతి ఊళ్లో సరిగా నడుస్తోందా అని అడగడం మన వంతు.

లోక్ అదాలత్ కూడా ఈ చట్టంలోనిదే. కోర్టు రుసుము లేదు, ఇద్దరూ ఒప్పుకుంటే అక్కడే తీర్పు, దానికి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ. దానిపైన అప్పీలు లేదు కాబట్టి సంతకం పెట్టేముందు ఏమి రాశారో చదివించుకోవాలి. అర్థం కాకపోతే పెట్టకూడదు.

రాజీ ఎక్కడ, పోరాటం ఎక్కడ?

ఇక్కడే మనం జాగ్రత్తగా ఉండవలసిన విషయం ఒకటుంది. ఇద్దరు సమానుల మధ్య తగాదాకు రాజీ మంచిది. అన్నదమ్ముల పంపకం, ఇరుగు పొరుగు గోడ, చిన్న అప్పు - ఇవి కూర్చుని తీర్చుకుంటే కూలి మిగులుతుంది, చుట్టరికం మిగులుతుంది. కానీ బలవంతుడు బలహీనుణ్ణి కొట్టినప్పుడు, కులం పేరుతో అవమానించినప్పుడు, ఆడపిల్ల మీద అత్యాచారం జరిగినప్పుడు పెద్దలు కూర్చోబెట్టి రాజీ చేసుకోమంటే అది న్యాయం కాదు, నోరు నొక్కడం. చట్టం కూడా ఇదే చెబుతుంది. రాజీకి వీలులేని నేరాలు లోక్ అదాలత్ పరిధిలోకి రావు. 1989 అట్రాసిటీ నిరోధక చట్టం కింద నేరాలు అటువంటివే.

మన డెల్టాలోనే తెనాలి దగ్గరి చుండూరు ఉంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. బాధితులు డబ్బు తీసుకుని ఊరుకోలేదు. ప్రత్యేక కోర్టు తమ ఊళ్లోనే పెట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. ఆ కథ మనకు గుండెకోతగానే మిగిలింది. అయినా కోర్టును ఊరి నడుమకు రప్పించిన పట్టుదల చెరిగిపోయేది కాదు. ఇంట్లో తగవుకు పంచాయతీ, ఊరి దౌర్జన్యానికి చట్టం అన్న భాగ్యరెడ్డి వర్మ వివేకం అక్కడ మళ్లీ కనబడింది. ఆయన రెండు చేతులతో పనిచేశారు. ఒక చేత్తో బస్తీలో పంచాయతీ, రెండో చేత్తో ప్రభుత్వం ముందు తీర్మానం. ఒక చెయ్యి చేయవలసిన పనిని రెండో చెయ్యి మీద వేయలేదు.

మనం ఏమి చేయగలం?

పెద్ద పనులు తర్వాత చూద్దాం. చేతిలో ఉన్నవి చెబుతాను.

మొదటిది, 15100 అన్న నంబరు గుర్తుంచుకోండి. అది జాతీయ న్యాయ సేవా సంస్థ ఉచిత ఫోను. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకు, నాన్నకు, వాడలో నలుగురికి చెప్పండి. ఉచిత న్యాయవాది కావాలంటే కోర్టు ఆవరణలోని న్యాయ సేవా సంస్థ కార్యాలయంలో తెల్ల కాగితం మీద తెలుగులో అర్జీ ఇచ్చినా చాలు. కుల ధ్రువీకరణ పత్రం జిరాక్సు జత చేయాలి. చదువురాని వారికి ఆ అర్జీ రాసిపెట్టగలిగినది మనమే.

రెండోది, పారా లీగల్ వాలంటీర్లుగా పనిచేయడానికి న్యాయ విద్యార్థులకే కాదు, సేవాభావం ఉన్న ఇతరులకు కూడా అవకాశం ఉంది. డిగ్రీకి వచ్చిన అన్నలు, అక్కలు ముందుకు రావాలి. లా చదివి నల్లకోటు వేసుకున్న పూర్వ విద్యార్థులు నెలకు ఒక్క ఆదివారం ఏదో ఒక హాస్టల్‌కు వచ్చి కూర్చుంటే ఎన్ని ఇళ్లలో దీపం వెలుగుతుందో!

మూడోది అన్నిటికంటే దగ్గరిది. మన హాస్టల్ మెస్ కమిటీ. బియ్యం ఎన్ని వచ్చాయి, కూరగాయలకు ఎంత అయింది అన్న లెక్క గోడ మీద అంటించడం, అన్ని గదుల నుంచి, అన్ని తరగతుల నుంచి ఒక్కొక్కరిని కమిటీలో కూర్చోబెట్టడం, చిన్న తరగతి తమ్ముడు ఫిర్యాదు చేస్తే కొట్టకుండా వినడం. రేపు ఒక సంఘాన్ని, ఒక న్యాయ సహాయ కేంద్రాన్ని నడపవలసినవారు ఈ రోజు ఇక్కడే నేర్చుకుంటారు. భాగ్యరెడ్డి వర్మ పద్దెనిమిదేళ్లకు మొదలుపెట్టారు. మనకు పదమూడేళ్లకే అవకాశం ఉంది.

వచ్చే మే 22 నాటికి మన హాలు గోడ మీద ఆయన పటం ఒకటి పెట్టుకుందాం. వేసవి సెలవులు కాబట్టి దండ వేయడానికి ఎవరూ ఉండరేమో. పరవాలేదు. జూన్‌లో హాస్టల్ తెరవగానే కొత్తగా చేరిన పిల్లలు ఈయన ఎవరు అని అడుగుతారు. అప్పుడు ఈ కథ వారికి చెబుదాం.